బుక్క దిగినంక చెప్పే మాట

కాక పోయాడని నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ఫోన్‌లో చూశాను. శుక్రవారం మధ్యాహ్నం, ఒమన్‌లో, హమ్రియాలో నేను రోజూ తినే తెలుగు మెస్సులో కూర్చుని, పప్పు కలిపిన రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఎడం చేత్తో స్టేటస్‌లు జరుపుతున్నాను. ఎవరిదో పెళ్ళిరోజు, ఎవరో కొన్న కొత్త బండి, ఆ తర్వాత దండ వేసిన కాక ఫోటో. వెనకాల ఏదో ఏడుపు పాట. పెట్టింది వాళ్ళ ఊరివాడే, మా కంపెనీలో పనిచేసి వెళ్ళినవాడు. కాసేపటికి ఫోటో దానంతటదే జరిగిపోయి, ఇంకెవరి ఇంట్లోనో బారసాల వచ్చింది. ముద్ద మింగలేదు, ఉమ్మలేదు, అలాగే ఉండిపోయాను.

కాక ఉండి ఉంటే ఆ స్టేటస్ పెట్టినవాణ్ణి బండబూతులు తిట్టేవాడు. "గంట ఆగితె నీ సొమ్మేం పోతదిరా? ముందుగాల ఆని పక్కకు మనిషిని పోనియ్యి" అనేవాడు. అనడం కాదు, చాలాసార్లు అన్నాడు. ఫోన్‌లో ఊళ్ళోవాళ్ళని అలా తిడుతుంటే నేను పక్కనుండి విన్నాను.

ఆయన పేరు రాయను. జగిత్యాల పక్క పల్లె. షట్టరింగ్ పని. ఒమన్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. కాక అంటే వాళ్ళ వైపు చిన్నాన్న. నేను గోదావరి జిల్లావాణ్ణి, బాబాయ్ అని పిలవాల్సినవాణ్ణి, పనివాళ్ళ క్యాంపులో అందరూ కాకా కాకా అంటుంటే నాకూ ఆయన కాకే అయ్యాడు. మా కంపెనీలో నేను వెల్ఫేర్ ఆఫీసర్ని. ఆ మాట వినడానికి బావుంటుంది గానీ, చేసేది సెలవు కాగితాలూ, ఆసుపత్రి కాగితాలూ, మనిషి పోతే శవాన్ని పంపే కాగితాలూ. నా కుర్చీ ఖురం ఆఫీసులో, ఏసీలో. ఆయన మంచం హమ్రియాలో, ఎనిమిది మంది ఉండే రూములో.

షట్టరింగే కాకుండా ఆయన చేసే అసలు పని ఇంకొకటుంది. ఊళ్ళో తల్లో తండ్రో పెళ్ళామో పోతే, ఆ కబురు ఇక్కడున్న మనిషికి నేరుగా చెప్పరు. రూములో ఉన్న ఒక పెద్దమనిషికి ఫోన్ చేసి, "నువ్వు జర మెల్లగ చెప్పు" అంటారు. ఈ పద్ధతి గల్ఫ్‌లో మనవాళ్ళు ఉండే ప్రతి రూములోనూ ఉంది. మా క్యాంపుల్లో ఆ పెద్దమనిషి కాక. ఎవరు నియమించారంటే ఎవరూ నియమించలేదు. మొదట ఒకరికి చెప్పాడు, బాగా చెప్పాడన్నారు, ఇక అందరూ ఆయనకే చేశారు. చావుకబురు బాగా చెప్పడమేమిటని మొదట్లో నేనూ నవ్వాను.

ఫోన్ రాగానే ఆయన చేసే మొదటి పని చింతపండు నానబెట్టడం. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ నలిపి, చారెడు నీళ్ళు ఎక్కువే పోసి పచ్చిపులుసు చేసేవాడు. ఖాళీ లబన్ సీసా కడిగి, అందులో పోసుకుని బయల్దేరేవాడు. అది మజ్జిగ అమ్మే ప్లాస్టిక్ సీసా, ఇక్కడ ఏ బఖాలా కొట్లో చూసినా దొరుకుతుంది. "పప్పైతె నమలాలె సార్. పచ్చిపులుసు నమిలే పని లేదు, దిగుతది" అనేవాడు. ఆ మనిషి ఉన్న చోటికి వెళ్ళి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు ఫోన్ అడిగేవాడు. "నీ ఫోన్ ఇటియ్యి, నా దాంట్ల బ్యాలెన్స్ లేదు." ఫోన్ తీసుకుని తన లాగు జేబులో వేసుకునేవాడు. ఇక ఎవడు చేసినా అది కాక జేబులోనే మోగాలి. ఆ తర్వాత ఎదురుగా కాకుండా పక్కన, అదే మంచం మీద, ఇద్దరూ ఒకే గోడను చూసేటట్టు కూర్చునేవాడు.

"తిన్నవా తమ్మీ?"

తినలేదంటే పళ్ళెం తెప్పించేవాడు. తిన్నానంటే, "ఇంకో నాలుగు బుక్కలు తిను, నాకోసం" అనేవాడు. వాడు తింటుంటే గొంతు వంకే చూసేవాడు. బుక్క నిజంగా దిగిందా లేదా అని. సగం పళ్ళెం అయ్యాక వీపు మీద చెయ్యి వేసి, ఒక్క మాటలో చెప్పేవాడు. "మీ అమ్మ లేదు తమ్మీ." అంతే. పానం బాగాలేదనీ, దవాఖానలో ఉందనీ మెట్లు కట్టడం ఆయనకి నచ్చదు. "లేని ఆశ పెట్టుడు పాపం" అనేవాడు.

ముందు తిండి ఎందుకని అడిగాను ఒకసారి.

"విన్నంక రెండు దినాలు తినడు సార్. ఏడ్సుటానికి బలం ఉండాలె గద. టికెట్టు, పతాకా కార్డు, ఏర్‌పోర్టు, ఊరికి పొయ్యేదాక నిలవడాలె. కడుపుల ఏం లేకుంటె ఏడ నిలవడ్తడు?"

వాడు ఏడుస్తుంటే ఏడవకు అని ఆయన ఎన్నడూ అనగా వినలేదు. "ఏడ్సు. నేను ఈడనే ఉన్న" అనేవాడు. ఉండేవాడు కూడా. డ్యూటీ పోయినా సరే, ఫోర్‌మన్ అరిచినా సరే. వాడు అలసిపోయి పడుకున్నాక, పళ్ళెంలో మిగిలిన సగం అన్నం కాక తినేవాడు. ఎంగిలి అనుకునేవాడు కాదు. "బువ్వ పారెయ్యద్దు" అని ఒక్కడే కూర్చుని, ఆ మిగిలిన పచ్చిపులుసు పోసుకుని తినేవాడు. అదే ఆయనకి ఆ పూట భోజనం.

ఇంత చేసిన మనిషిని నెత్తిన పెట్టుకున్నారనుకుంటున్నారేమో. రామ రామ! ఆయన కనబడితే జనం పారిపోయేవాళ్ళు. దసరాకి క్యాంపులో అందరూ అలయ్‌బలయ్ తీసుకుంటుంటే, ఆయన తమ వైపు నడిచి వస్తున్నాడంటే మొహాలు మాడిపోయేవి. చేతిలో సీసా ఉందా లేదా అని ముందు చేతులు చూసేవాళ్ళు. వేళాకోళానికి 'యముని దున్నపోతు' అని పేరు పెట్టారు. ఆయనకీ తెలుసు. పేకాటలో ముక్క దాచి దొరికిపోయినప్పుడల్లా, "ఏయ్, నన్ను తిడితె రేపు మీ రూముకొస్త సూడు, సీసా పట్టుకొని" అని బెదిరించేవాడు. అందరూ ఘొల్లుమనేవాళ్ళు, కానీ ఎవరో ఒకరు వెంటనే ఊరికి ఫోన్ చేసుకునేవాళ్ళు. పేకాటలో పచ్చి మోసగాడు, ఆ మాట దాచడమెందుకు. గురక పెడితే పక్క రూముకు వినబడేది.

చేతుల్లోకి పెద్ద ఫోన్లు వచ్చాక ఆయన పని కష్టమైపోయింది. చింతపండు నానేలోపలే వార్త వచ్చేసేది. ఊళ్ళో పీనుగ ఇంకా మంచం మీద ఉండగానే ఫోటో తీసి స్టేటస్ పెట్టేసే పుణ్యాత్ములు పుట్టుకొచ్చారు. ఒకసారి మావేలా సైటులో ఇలాగే అయింది. నిర్మల్ వైపు మనిషి, మూడో అంతస్తు పరంజా మీద ఉన్నాడు. టీ టైములో ఫోన్ తీశాడు, వాళ్ళ నాన్న దండతో కనబడ్డాడు. అక్కడే కూలబడిపోయాడు. దిగడు, మాట్లాడడు. సేఫ్టీవాళ్ళు కిందనుండి మైకులో అరుస్తున్నారు. కాక సీసా పట్టుకుని ఆ ఊరి ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి బస్సులో వస్తూనే ఉన్నాడు, పావుగంట ఆలస్యమైంది. నిచ్చెన ఎక్కి వాడి పక్కన కూర్చున్నాడు. జూన్ నెల ఎండ. ఇనుప పైపులు పట్టుకుంటే తోలు ఊడొచ్చేట్టున్నాయి. పొద్దున పది నుంచి మధ్యాహ్నం పని ఆపే వేళ దాకా ఇద్దరూ అలా పక్కపక్కనే కూర్చుని ఎదురుగా ఉన్న కొండను చూశారు. చివరికి వాడే, "కాకా, దూప అయితుంది" అన్నాడు. సీసా మూత తీసి ఇచ్చాడు.

దిగాక నాతో అన్నాడు. "ఓడిపోయిన సార్. తినకుండనే విన్నడు."

ఆ పరంజా సంగతి ఖురం ఆఫీసులో పెద్ద రిపోర్టు అయింది. మా హెచ్ఆర్ మేనేజర్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి వచ్చే ఆలోచనలన్నీ ఏదో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్ళొచ్చాకే వస్తాయి. పనివాళ్ళ మనసు బాగోగులు చూసే యాప్ కొన్నారు. తెలుగు, హిందీ, బెంగాలీ అన్నీ మాట్లాడుతుంది. వినే మనిషి అక్కర్లేదు. ఇది అలసిపోదు, సెలవడగదు, ఒకేసారి వెయ్యి మంది బాధ వింటుంది అని మీటింగులో చెప్పారు. డాక్టరమ్మ నెలకోసారి క్యాంపుకి వచ్చి పదిమందితో మాట్లాడి వెళ్ళేది, ఇక ఆవిడా అక్కర్లేదన్నారు. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, మొహమాటానికి కాదు. ఇంతమంది ఏడుపుకి ఒక్క ముసలాయనా, ఒక్క సీసా సరిపోవని నాకు అప్పటికే తెలుసు.

తెలుగు గొంతు కావాలన్నారు. పుస్తకం చదివినట్టు కాకుండా, మనవాళ్ళు నమ్మే గొంతు. కాక పేరు చెప్పింది నేనే.

మూడు మధ్యాహ్నాలు ఖురం ఆఫీసుకి పిలిపించాం. గాజు గదిలో మైకు పెట్టారు. కాక మైకును చూసి బిగుసుకుపోయాడు. "ఎదురుంగ మనిషి లేకుంటె నాకు నోరు రాదు సార్" అన్నాడు. సరే, నేను కూర్చుంటాను, నాకు చెప్పండన్నాను. ఆయన నన్ను లేపి పక్క కుర్చీలోకి మార్చాడు, ఇద్దరం గోడను చూసేటట్టు. ఆ తర్వాత అడిగాడు.

"ఎవ్వలు పోయిన్రు అనుకోవాలె?"

ఏదో ఒకటి అనాలి కదాని, "మా నాన్న అనుకోండి కాకా" అన్నాను. మా నాన్న నిజంగానే పోయాడు, అప్పటికి నాలుగేళ్ళు. నాకు లిఫ్టులో ఉండగా మెసేజ్ వచ్చింది. ఐదో అంతస్తులో దిగి, చేతిలో ఫైలు ఉంది గదాని మీటింగుకి వెళ్ళిపోయాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

కాక సంచిలోంచి డబ్బా తీశాడు. అన్నం, సీసాలో పచ్చిపులుసు. రికార్డింగ్‌కి తిండి ఎందుకండీ అంటే వినలేదు. "ఊకె అంటె రాదు సార్, తినుండ్రి." గాజు బయట నుంచి యాప్ కంపెనీవాళ్ళు చూస్తున్నారు. సిగ్గుపడుతూనే నాలుగు ముద్దలు తిన్నాను. ఆయన నా గొంతు వంక చూస్తున్నాడు. ఏమైందో ఏమో, వీపు మీద చెయ్యి పడింది.

"మీ నాయిన లేడు తమ్మీ."

అప్పటిదాకా సార్ అన్నవాడు తమ్మీ అన్నాడు. నాలుగేళ్ళ కిందట లిఫ్టులో రావాల్సిన ఏడుపు, తస్సాదియ్యా, ఆ గాజు గదిలో వచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలీదు. "ఏడ్సు. నేను ఈడనే ఉన్న" అంటున్నాడు కాక. బయటున్నవాళ్ళు బొటనవేళ్ళు ఎత్తి, చాలా బాగా వచ్చిందని సైగ చేస్తున్నారు. నేను కళ్ళు తుడుచుకునేసరికి, నేను వదిలేసిన అన్నం కాక తింటున్నాడు.

చివరి రోజు ఆయన ఒక ప్రశ్న అడిగాడు. "సార్, ఆడు తిన్నడో లేదో దీనికెట్ల ఎరుక?"

"అడుగుతుంది కాకా. అతను చెప్తాడు."

"అబద్ధం చెప్తె?"

యాప్ అతను నవ్వి, ఆ ప్రశ్న రాసుకున్నాడు. నేనూ నవ్వాను.

యాప్ మొదలుపెట్టిన రోజు జరిగిన గోల తలచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలీదు. శుక్రవారం, అందరూ రూముల్లో ఉన్నారు. ఒంటి గంటకి, ఆప్యాయంగా పలకరించాలని, అన్ని ఫోన్లూ ఒక్కసారే మోగాయి. ఎత్తితే కాక గొంతు. "తిన్నవా తమ్మీ?"

అంతే. హమ్రియా క్యాంపులో పళ్ళాలు కింద పడ్డాయి. ఆ గొంతు, ఆ మాట, చెయ్యి కడుక్కోకముందే! ప్రతివాడూ తన ఇంట్లోనే పీనుగ లేచిందనుకున్నాడు. అందరూ ఒకేసారి ఊళ్ళకి ఫోన్లు కలిపారు. లైన్లు దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా ఖాయం చేసుకున్నారు. ఒకాయన కాళ్ళకి చెప్పుల్లేకుండా రోడ్డు దాటి కాక రూముకి పరిగెత్తి, ఆయన కాళ్ళు పట్టుకుని, "ఎవ్వలో చెప్పు కాకా, నేను తిన్న, అమ్మతోడు తిన్న, చెప్పు" అని ఏడ్చాడు. కాక అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహం నురగతోనే బయల్దేరి, పొద్దుగూకే దాకా రూము రూముకీ తిరిగాడు. "ఎవ్వలు పోలేరా. అందరు మంచిగున్నరు. తినుండ్రి." నన్ను చూసి గట్టిగా నవ్వాడు. "ఇన్నేండ్లల్ల మొదటిసారి సార్, నేను మంచి ముచ్చట చెప్పుకుంట తిరుగుడు!" అన్నాడు. ఆ రోజు ఆయన్ని అన్ని రూముల్లోనూ కూర్చోబెట్టి టీ ఇచ్చారు. అంత సంతోషంగా ఉండగా ఆయన్ని మళ్ళీ చూడలేదు.

మేనేజర్ మాత్రం ఆ గోలలోంచి ఒక తెలివి లాగాడు. ఒంటి గంట పలకరింపు తీసేశారు. ఆ గొంతుని అసలు పనికే వాడదామన్నాడు. ఇంటి నుంచి కబురు వస్తే ఆఫీసుకి చెప్పమన్నారు. మేం యాప్‌లో ఒక గడిలో రాస్తాం, ఎవరు పోయారో, వరసేమిటో. యాప్ ఆ మనిషికి ఫోన్ చేసి, కాక పద్ధతిలోనే, తినమని, తిన్నాక చెబుతుంది. పనివాళ్ళు మొదట్లో బెదిరారు, తర్వాత అలవాటుపడ్డారు. అలవాటుపడనిదేముంది. కాకని ఇక ఎవరూ పిలవలేదు. హమ్రియాలో షట్టరింగ్ పని తగ్గిందని ఇబ్రి సైటుకి పంపారు. ఆ కాగితం మీద సంతకం నాదే. వెళ్ళేటప్పుడు సీసా కడిగి సంచిలో పెట్టుకుంటుంటే, "అక్కడెందుకు కాకా" అన్నాను. "ఆడ కూడ మనుషులే ఉంటరు గద సార్" అన్నాడు.

ఏడాది గడిచింది. ఒక పొద్దున పదింటికి ఆఫీసులో ఉండగా జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. కాక బావమరిది. కాక భార్య పొలంలో పడిపోయింది, దవాఖానకి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది.

"సార్, బావకు మీరే పోయి చెప్పుండ్రి. ఆయన ఎంతమందికి చెప్పిండో మీకెరుకే. తినవెట్టి చెప్పుండ్రి సార్. మేము స్టేటస్‌లు గిట్ల ఏం పెట్టనియ్యం. మీరు పొయ్యేదాక ఆగుతం."

ఊరు ఊరంతా నాకోసం ఆగుతానంది. కాక ఇన్నేళ్ళు బతిమాలినా ఆగని ఊరు, ఆయన వంతు వచ్చేసరికి ఆగింది.

ఇబ్రి మూడు గంటల దారి. బండి ఉంది, డ్రైవరున్నాడు. ఆ రోజు క్లయింట్ వాళ్ళు వస్తున్నారు, నేను ఉండాలి. అదీ అబద్ధమే. నేను లేకపోతే వాళ్ళు రాకుండా ఉండరు. అసలు సంగతి, ఆయన పక్కన కూర్చుని ఆయన గొంతు వంక చూస్తూ, బుక్క దిగాక ఆ మాట అనే దమ్ము నాకు లేదు. పన్నెండయింది. ఎదురుగా కంప్యూటర్‌లో ఆ గడి ఉంది. రోజూ రాసేదే. నంబరు కొట్టాను, వరస దగ్గర 'భార్య' అని రాశాను, నొక్కాను. ఒట్టేసి చెబుతున్నాను, ఆ గొంతు ఎవరిదో ఆ క్షణాన నాకు తట్టలేదు. ఏడాదిగా వింటూ వింటూ అది నాకు మిషన్ గొంతు అయిపోయింది. నొక్కిన రెండు నిమిషాలకి తట్టింది. ఆపడానికి మీట లేదు. ఆయన నంబరుకి చేస్తే బిజీ వచ్చింది.

ఆ మాటలన్నీ రికార్డవుతాయి. వినే హక్కు నాకుంది, అదొక దరిద్రం. ఒక్కసారే విన్నాను.

"తిన్నవా తమ్మీ?" అంది కాక గొంతు.

"ఇంక లేదు" అంది కాక గొంతు.

"ముందుగాల తిను తమ్మీ. తిన్నంక మాట్లాడుకుందాం."

ఆ తర్వాత పదకొండు నిమిషాలు ఏమీ లేదు. దూరంగా మిక్సర్ తిరుగుతున్న చప్పుడు. ఎవరో హిందీలో ఎవర్నో పిలవడం. తర్వాత కాక.

"తిన్న. ఇగ చెప్పు. ఎవ్వలు?"

"మీ భార్య లేదు తమ్మీ."

ఏడుపు వినబడలేదు. ఊపిరి వినబడుతోంది. కాసేపటికి మిషన్, "ఏడ్సు. నేను ఈడనే ఉన్న" అంది. ఆయన మాట్లాడకపోయేసరికి, నిమిషానికోసారి అంటూనే ఉంది. "నేను ఈడనే ఉన్న. నేను ఈడనే ఉన్న." మా నాన్న కోసం ఆ గాజు గదిలో అన్న మాట అది, ఆ రోజు రికార్డు చేసిందే. ఛీ, ఏం బతుకు నాది. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయేదాకా ఆయన పెట్టెయ్యలేదు.

సాయంత్రం ఎయిర్‌పోర్టులో కలిశాను, టికెట్టూ పాస్‌పోర్టూ ఇవ్వడానికి. ఇబ్రి నుంచి కంపెనీ పికప్‌లో ఒక్కడే వచ్చాడు. సిమెంటు చొక్కా మార్చుకోలేదు. నన్ను చూసి ఎప్పటిలాగే నమస్తే పెట్టాడు.

"మంచిగనే చెప్పింది సార్ మీ మిషన్. నా లెక్కనే చెప్పింది."

"కాకా, నేను రావాల్సింది."

"ఔ" అన్నాడు.

ఆ తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఎదురుగా గోడ లేదు, విమానాల బోర్డు ఉంది.

"తిను అన్నప్పుడే సమజైంది సార్. ఎవ్వలో తెల్వది. అమ్మనా, ఆమెనా, బిడ్డనా. ఎవ్వలో ఒకలు పోయిన్రు. మెస్సు దిక్కు పోలే. గేటు దిక్కు చూసుకుంట నిలవడ్డ. మీ బండి వస్తదేమో అని. మీరు రాంది మిషన్‌తోని చెప్పియ్యరు, దారిల ఉన్నరు, అందుకే ఇది ముందుగాల తినమంటుంది అనుకున్న. చానసేపు చూసిన. ఇగ తిన్న అని అబద్ధం చెప్పిన."

విమానాల బోర్డు వంక చూశాడు.

"నమ్మింది సార్."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు సులువయ్యేది. ఆయన పొద్దుటి నుంచి తినలేదు. లేచి వెళ్ళి ఏదైనా కొనుక్కొద్దామనుకుంటుండగానే పిలుపు వచ్చింది. కాక లేచాడు. ఎన్నో చావులకి మనుషుల్ని నిలబెట్టి పంపినవాడు, గేటు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మళ్ళీ రాలేదు. వీసా రద్దు కాగితమూ నేనే చేశాను. ఊళ్ళో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదనీ, అన్నం దగ్గర కూర్చుని కలిపి వదిలేసేవాడనీ వాళ్ళ ఊరివాళ్ళు అనగా విన్నాను. ఫోన్ చెయ్యాలి చెయ్యాలి అనుకున్నాను. చేస్తే ఆయన మొదట అడిగేది ఏమిటో నాకు తెలుసు, అందుకే చెయ్యలేదు.

ముందు ముందు మనిషి బదులు మిషనే మనసు వింటుందా అని మావాళ్ళు ఇంకా మీటింగుల్లో చర్చిస్తున్నారు. ముందు ముందేమిటి, నా బొంద. వచ్చేసింది. అదేమీ కాకని తోసేసి రాలేదు. బండీ డ్రైవరూ ఉండి, మూడు గంటల దారి ఉండి, నేను కదలకపోతే, అది వెళ్ళింది. ఇంకే రోజైనా అంతే జరుగుతుంది. ఎవడికీ ఎవడి పక్కనా కూర్చునే ఓపిక లేదు, నాతో సహా.

పోయిన నెల మేనేజర్ ఒంటి గంట పలకరింపు మళ్ళీ పెట్టించాడు, ఈసారి ఆఫీసువాళ్ళ ఫోన్లకి కూడా. పాతవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు, కొత్తవాళ్ళకి ఆ గొంతు ఎవరిదో తెలీదు, ఇక భయపడరు అన్నాడు. నిజమే, ఎవరూ భయపడటం లేదు. అందరూ తిన్నామని చెప్పి పెట్టేస్తున్నారు.

స్టేటస్ చూసి నేను అలా కూర్చుని ఉండగానే ఒంటి గంట అయింది. బల్ల మీద ఫోన్ మోగింది. ఎత్తాను.

"తిన్నవా తమ్మీ?"

ఆ గొంతులో ఏ మార్పూ లేదు. గాజు గదిలో నా పక్కన కూర్చుని అన్నప్పటి గొంతే. నోట్లో ముద్ద ఇంకా అలాగే ఉంది. పళ్ళెంలో పప్పన్నం అట్టగట్టింది. అది తినడానికి ఇక ఎవరూ లేరు.

"తిన్నాను కాకా" అన్నాను.

చెబుతాడేమో అని ఆగాను. తిన్నాక చెప్పడమే కదా ఆయన పద్ధతి. తానే పోయిన సంగతి, ఆ ఒక్క మాటా, నా వీపు మీద చెయ్యేసి.

"మంచిగైంది తమ్మీ" అంది.